దిద్దిన మూతి

మెయిన్ రాష్ట్ర తీరం, ద్వీపం నుంచి
1953 ఫిబ్రవరి

చిరంజీవి థియాకు నానమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆనవాయితీ కనుక రాస్తున్నాను. నీ అక్షరాలు మళ్ళీ కోడి కెలికినట్టున్నాయి. బోస్టన్‌లో చదివే పిల్ల అలా రాస్తే ఊరుకోను.

నువ్వడిగిన వాటికి జవాబులు. పంపు గడ్డకట్టలేదు. చలికి కోళ్ళు గుడ్లు తగ్గించాయి. పెట్టిన కాసిని గుడ్ల సొనా మీ నాన్న రంగుల్లో కలుపుకుంటున్నాడు, అందుచేత మాకు కేకు లేదు. పడవల కొట్టం బొమ్మ ఆపేసి, క్రిస్మస్ తర్వాత నా బొమ్మ మొదలుపెట్టాడు.

పోయిన వారం కుర్చీలోంచి లేచి వెళ్ళి చూశాను. బొమ్మలో నా పెదవి ఎడమ మూల కిందికి జారి ఉంది.

"ఆల్డెన్, వంకర నా మూతిదా, నీ చేతిదా?"

"కదలొద్దన్నానా అమ్మా!"

వంకర తేల్చడానికి దారానికి సీసం గుండు కట్టి నా ముఖం ముందు పట్టాడు. తర్వాత బొమ్మ ముందు పట్టాడు. దారం చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"దిద్దు," అన్నాను.

ఈ ఇంటి సంగతి నీకు తెలుసు. మీ తాతయ్య తన కన్నతల్లి బొమ్మలో ఆవిడ గొంతు మీది గడ్డను కూడా వదల్లేదు. ఆవిడ ఏడ్చినా దిద్దలేదు. మీ నాన్న అంతకంటే మొండి. వాదిస్తాడనుకున్నాను. వాడు బ్లేడుతో గీకేసి, నా పాత మూతి వేశాడు.

"ఇప్పుడు బాగుందా?" అన్నాడు, నా వైపు చూడకుండా.

ఈ ఇంట్లో కుంచెతో ఎవరూ అబద్ధమాడలేదు. వాడు ఆడాడంటే, నా ముఖంలో ఏం చూశాడో!

ఎవరికీ చెప్పనిది నీకు చెబుతున్నాను. తాగిన టీ ఎడమ పక్కనుంచి కారుతోంది. ఎడమ చేతిలోంచి కప్పు జారి పగిలితే తప్పు పిల్లి మీద పెట్టాను. అద్దం చూడటం మానేశాను. పడుకుంటే మళ్ళీ లేస్తానో లేదోనని కళ్ళు మూయడానికే భయం.

నిన్న వాడితో అన్నాను: "చూసింది చూసినట్టు వెయ్యి. డాక్టరుకి అదే చూపిద్దాం."

"చెయ్యి ఆడట్లేదమ్మా."

"ముందు నీ మూతి సరిచేసుకో, ఏడుపు తర్వాత. పట్టు కుంచె!"

పట్టాడు.

శుక్రవారం డాక్టరు కోసం పడవలో ఒడ్డుకు వస్తున్నాం. నువ్వు రేవుకి రా. నన్ను చూడగానే "బాగున్నావు నానమ్మా" అనకు. ఏం కనిపిస్తే అదే చెప్పు.

ఇట్లు,
గట్టిదాన్నని నువ్వు నమ్మే
నీ నానమ్మ
హెస్టర్