వేళ కాని వేళ మూడు కూతలు

సారలమ్మా, దండెం మీది బట్టలు తియ్యి. మేకను లోపల కట్టెయ్యి. పొయ్యిలో నిప్పు ఆర్పు. నువ్వూ అవ్వా అంగడి నుంచి వచ్చేదాకా నేను ఆగలేను, అందుకే ఈ చీటీ.

మధ్యాహ్నం దాటాక పెద్ద గాలివాన ఉందని యూనివర్సిటీ నుంచి మా కాలేజీకి టెలిగ్రాం వచ్చింది. మా కాలేజీ గంట పిల్లల హాస్టలు దాకా వినపడదు. అందుకని బొగ్గుబాయి సైరన్ మోగించమని నేనే అడిగాను. గాలి దగ్గరపడగానే మూడు కూతలు వేస్తారు.

బాయి వాళ్లు సరేనన్నాక గాని అవ్వ గుర్తుకు రాలేదు. మన బాపు ఆ బాయిలో చనిపోయిన నాటి నుంచి, షిఫ్టు వేళ కాకుండా సైరన్ కూస్తే చాలు, చెప్పులైనా వేసుకోకుండా బాయి దిక్కు ఉరుకుతుంది. ఇవాళ ఉరికితే గాలికి ఎదురుపోయినట్టే. "అవ్వా, గది గాలివాన కూత. అన్ననే కొట్టిపిస్తుండు" అని ముందే చెప్పు. "గింత సదివినోడు వాననాపుతడా?" అని ఎక్కిరిస్తుంది. ఎక్కిరించనీ, చెయ్యి మాత్రం వదలకు.

ఆకాశం మసి కలిసిన పాలలా ఉంది. ఆకు కదలడం లేదు. ఊరు కలలో ఉన్నట్టుంది.

– అన్న మొగిలి

తా.క. ఆనాడు బాపు కోసం మోగిన సైరనే ఇవాళ పిల్లల్ని లోపలికి పిలుస్తుంది. మూడో కూత ఆగాక ఆయన్ని ఒకసారి యాది చేసుకోండి.