కొమ్ము కోసిన రివాల్వర్

వెర్లిన్ తమ్ముడూ,

నీ మోకాలి నొప్పి సంగతి రాయనే లేదు, అదొక బెంగ నాకు.

నీ తుపాకుల కొట్లో నా మనవరాలు డెల్లా కోసం పక్కన పెట్టిన పాత మాగ్నమ్ రివాల్వర్లు రెండిటిలో, వెనకనుండే సుత్తికి వేలు పట్టే కొమ్ము కోసేసినదే దానికివ్వు. "అది మొండిగా ఉంది తాతయ్యా, రెండోదే ముద్దొస్తోంది" అంటుంది. వినకు. పళ్ళు కోయడానికి అడవిలోకి ఒక్కతే పోతుంది.

మీ బావ ఇలాంటి రివాల్వర్‌కే, ఒకప్పటి తుపాకీల అలవాటుకొద్దీ, ముందు బొటనవేలితో సుత్తి వెనక్కి లాగేవారు. "దీనికి మీట నొక్కితే చాలు బావా" అని నువ్వెంత మొత్తుకున్నావో. ఎలుగుబంటి అంత వ్యవధి ఇవ్వలేదు. మీరు వెళ్ళేసరికి ఆయన బొటనవేలు ఇంకా ఆ కొమ్ము మీదే ఉందన్నావు.

డెల్లాకి తుపాకీ పట్టడం నేర్పింది ఆయనే, తమ్ముడూ.

నీ అక్క