హాజరులో నీ పేరు

రాయపూర్,
18-9-1977.

అమ్మకు నమస్కరించి పరదేశి రాస్తున్నాను. ఇక్కడ అందరం కులాసా. నీ మోకాలికి నూనె రాస్తున్నావో, ఊరికే రాస్తున్నానంటున్నావో నిజం రాయించు. ఉత్తరం చదివిపెట్టే రంగనాయకమ్మ గారికి నమస్కారాలు.

నువ్వడిగిన వాటికి జవాబు. వానలు తగ్గాయి. నీ కోడలు ఊర్మిళ ఇక్కడివాళ్ల దగ్గర చీలా వేయడం నేర్చుకుంది. తింటే మన అట్టే, ఆ మాటంటే మాత్రం ఒప్పుకోదు.

ఇక బడిలో మనవరాలిని నీ పేరుతో పిలుస్తుంటే ఒక్కసారి వినాలని ఉందన్నావు. ఆ మాటకే మూడు వారాలుగా జవాబు రాయలేకపోయాను. రంగనాయకమ్మ గారూ, ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

అమ్మా, బడిలో దాని పేరు సరోజిని. నేనే రాయించాను. దాలమ్మ అంటే నవ్వుతారని భయపడ్డాను, ఇక్కడ దాల్ అంటే పప్పు. హిందీలోనూ పరదేశి అంటే పరాయివాడే. రైల్వేలో చేరిన రోజు నా పేరు చెబితే, "పరదేశివని తెలుస్తూనే ఉంది, పేరు చెప్పు" అన్నాడు పెద్ద గుమాస్తా. ఆఫీసంతా నవ్వింది. ఆ నవ్వు పిల్ల మీద పడకూడదనుకున్నాను. సరోజిని అంటే కవిత్వం రాసి, సభల్లో మాట్లాడిన పెద్దావిడ పేరు, గౌరవంగా ఉంటుందని హెడ్మిస్ట్రెస్ అంటే తలూపాను. ఇంట్లో ఊర్మిళ అత్తగారి పేరు నోట పలకదు కనుక అమ్మడు అంటాం. అలా పదేళ్లుగా నీ పేరు ఎక్కడా పలకలేదు. నీ ఉత్తరంలో "చిన్న దాలమ్మకు ఆశీస్సులు" అని చూసినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి.

మొన్న బడిలో 'నా పేరు' అని ఉపన్యాసాల పోటీ పెట్టారు. ఆ పెద్దావిడ గురించి చెబుతుందనుకుని వెనక బెంచీలో కూర్చున్నాను. అమ్మడు నీ గురించి చెప్పింది. విజయనగరం లైను మీద తట్టలతో కంకర మోశావని, ముందు పుట్టిన ఇద్దరూ దక్కక, మూడోవాడైనా నిలవాలని నాకు పరదేశి అని పేరు పెట్టావని చెప్పి, "నా అసలు పేరు ఆవిడదే, దాలమ్మ" అంది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అమ్మడు ఆగి, "నవ్వుకోండి, అయ్యాక చెబుతాను" అంది. మళ్లీ ఎవరూ నవ్వలేదు. నాకు ఏడుపొచ్చింది. రెండో బహుమతి ఇచ్చారు.

ఇంటికొచ్చి బోర్డు పరీక్ష ఫారం నా ముందు పెట్టింది.

"సరోజిని కూడా నాకిష్టమే నాన్నా, తీసెయ్యొద్దు. దాని ముందు నానమ్మని రాయించు" అంది.

దరఖాస్తు పెట్టాను. నిన్న రిజిస్టరులో ఎక్కింది, దాలమ్మ సరోజిని అని. బడి గుమాస్తా 'దాల్' దగ్గర కలం ఆపి నా వంక చూశాడు. మా అమ్మ పేరు అన్నాను. రాశాడు.

నన్ను తిట్టాలనుంటే వచ్చి తిట్టు, రాయించకు. రంగనాయకమ్మ గారు మర్యాదస్తురాలు, సగం తిట్లు మింగేస్తారు. దసరా సెలవులు అవగానే బయల్దేరు, నిన్ను బడికి తీసుకెళతాను. వరండాలో కూర్చుంటే అన్నీ వినబడతాయి. ఒక్కటే మాట. హాజరు పిలిచేటప్పుడు నీ పేరు వినగానే నువ్వు పలికేయకు. పిల్లను పలకనివ్వు.

ఇట్లు,
నీ కొడుకు
పరదేశి