చార్జింగ్ ఎక్కని గడ్డి మిషన్

ఒరేయ్ బావమరిదీ,

లేవగానే నీ ఫోను పీకేసి, గడ్డి మిషన్ బ్యాటరీలు రెండూ చార్జింగుకి పెట్టు. పచ్చ లైటు వెలగగానే డాక్టరమ్మ గారి తోటకి మోసుకురా. అందాకా నేను కత్తెరతో గడ్డి కోస్తుంటాను.

రాత్రి నీ కబుర్ల కోసం వాటి ప్లగ్గు ఊడబీకావు. పెట్రోలు తాగని మిషన్ గాలి తిని బతుకుతుందనుకున్నావా? "పొగ ఉండదు, మోత ఉండదు బావా" అంటూ పాతదాన్ని అమ్మించావు. నిజమేరా, ఇప్పుడు కోత కూడా లేదు! సాయంత్రానికి గడ్డి నున్నగా లేకపోతే ఆవిడ వేరేవాళ్ళని పెట్టుకుంటుంది. మనకున్న పెద్ద తోట అదొక్కటే. అది పోయిందా, నిన్ను ఆ గడ్డిలోనే పాతేస్తా.

అన్నట్టు, ప్లగ్గు నేనే పీకానని మీ అక్కతో చెప్పాను. నోరు జారకు. నిన్ను తిట్టే హక్కు నాది, అందులో ఇంకెవరికీ వాటా ఇవ్వను.