బెండ్ల మీద గాట్లు

మావా,

నువ్వు బాపట్ల ఒడ్డు నుంచి వేటకెళ్లి నేటికి రెండేళ్లు. వల తిరిగొచ్చింది, నువ్వు రాలేదు. వలని నీటి మీద తేల్చే ప్లాస్టిక్ బెండ్లు దాచుకున్నాను. పేటలో అందరిలాగే నువ్వూ ఇంట్లో మనిషికో గాటు చొప్పున ఒక్కో బెండు మీద కత్తితో రెండు గాట్లు పెట్టావు.

ఇప్పుడు తెనాలిలో పాత ప్లాస్టిక్ కరిగించి కుర్చీలు చేసే షెడ్డులో పనిచేస్తున్నాను. నేల మీద సుద్దతో నేను గీసిన చిన్న కుర్చీకి మేస్త్రి అచ్చు చేశాడు. నిన్న మన బెండ్లన్నీ కరిగించి అందులో పోయించాను.

పొద్దున అచ్చు విప్పితే కుర్చీ చేతి మీద గాట్లు!

"అచ్చు నున్నగా ఉందమ్మా, ఇవెక్కడివి?" అన్నాడు మేస్త్రి.

వేలితో తడిమాను. తడిగా ఉన్నాయి. రెండు కాదు, మూడు.

నువ్వెళ్లిన రోజుకి పాప నా కడుపులో ఉందని నాక్కూడా తెలియదు.