అమాసకు మగ్గం ఆపు, కంప్యూటర్ ఆపకు

బాపూ,

నేను పొద్దుగాల బస్సుకే పాలమూరు పోతున్న. ఇయ్యాల అమాస. మగ్గం ఆపు గానీ దాని పక్కనున్న కంప్యూటర్ ఆపకు. పోయిన అమాసకు దానిగ్గూడ సెలవని స్విచ్ తీసేసి, మగ్గానికి కప్పినట్టే దానిమీద గుడ్డ కప్పినవు. ఆ దినం ఒక్కరి ఫోన్లో గూడ మన చీరల అంచులు కనవడలే.

ఆ అంచుల బొమ్మలన్నీ మన కంప్యూటర్లనే ఉంటయి. ముందుగాల ఇంట్ల కూసుంటేనే కనవడేటియి. ఇప్పుడు యాడున్నోళ్లయినా ఫోన్లో తెరిచి చూడొచ్చు. ఆ తొవ్వ ఏసింది నేనే, ఎవర్నీ అడగకుంట, నెల దినాలు కూసొని. పదకొండింటికి పాలమూరుల చీరల సేటు ముంగట తెరుస్త. అప్పుడు ఇంట్ల కంప్యూటర్ బందుంటే నా ఇజ్జత్ పోతది. కరెంటు పోతే బ్యాటరీ ఉంది, ఫికర్ చెయ్యకు.

పప్పు పొయ్యి మీదుంది.

అనూహ్య

చీటీ మడిచినంక యాదికొచ్చింది. నిన్న నువ్వు చాయ్ హోటల్ కాడ వచ్చినోళ్లందరి ఫోన్లల్ల మన అంచులు తెరిపిచ్చి, "మా బిడ్డ చేసింది" అన్నవంట. పక్కింటి గోవిందమ్మ చెప్పింది. ఇంటికొచ్చి నన్ను మాత్రం "బువ్వ తిన్నవా" అనే అడిగినవు. పొద్దూకేసరికి వస్త. ఆ మాట నా ముంగట గూడ ఒక్కపారి అను.