చర్చి బొమ్మలో నిద్ర

ఆంట్‌వెర్ప్, మంగళవారం

బావగారికి,

మెఖెలెన్‌లో చర్చి గంట కొనడానికి మీరు వెళ్లిన బేరం కుదిరిందని తలుస్తాను. ఇక్కడ నా కొంప మునిగినంత పనయింది.

మన చర్చి లోపలి బొమ్మ కోసం ఎనిమిది నెలలు కష్టపడ్డానని మీకు తెలుసు. స్తంభాలు, కమానులు, కిటికీల వెలుగు నావి. మనుషులను వేయడం నాకు చేతకాదు కనుక ఆ పని మన లీవెన్‌కు అప్పగించాను. బొమ్మ వేయించుకుంటున్న చర్చి పెద్ద యోస్ గారు, తనను ప్రార్థన చేస్తున్నట్టు ముందు వరుసలో చూపమన్నారు. లీవెన్ ఆయన్ని స్తంభానికి జారగిలబడి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నట్టు వేశాడు. అదేమంటే, "ప్రతి ఆదివారం నేను చూసేది అదే కదా, చూడనిది ఎలా వెయ్యను?" అన్నాడు.

నిన్న యోస్ గారు భార్యతో వచ్చారు. చిత్రకారుల సంఘానికి నేను చూపాల్సింది ఈ బొమ్మే; ఆయన దీన్ని వద్దంటే ఈ ఏడు నన్ను చేర్చుకోరు. బొమ్మ మీది గుడ్డ తీశాను. ఆయన ముఖం కందగడ్డలా ఎర్రబడింది.

"ఎవడయ్యా వీడు?" అన్నారు.

నేను నోరు మెదిపేలోగా ఆవిడ, "మీరే. గురక ఒక్కటే తక్కువ," అంది.

ఆయన వంగి బొమ్మలో తన ముఖాన్ని దగ్గరగా చూశారు. చివరికి, "సరే, ఉండనీ. కానీ నేనొక్కణ్ణే పడుకున్నానా? మిగతావాళ్లనూ వెయ్యి," అని జాబితా రాసిచ్చారు.

అందులో మొదటి పేరు మీది. మీరు వచ్చేదాకా ఆగుదామన్నాను. "ఆగడమెందుకు, ఆయన ఎలా పడుకుంటారో నాకు కంఠతా వచ్చు," అని అక్క పొద్దుటి నుంచి లీవెన్ పక్కనే కూర్చుని చెబుతోంది. టోపీ ఏ రంగు వేయాలో మాత్రం మీరే రాయండి.

మీ బామ్మర్ది